సముద్రగర్భంలోని సాక్ష్యం

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆకాశాలను, భూమిని, వాటి మధ్యనున్న సమస్తాన్నీ ఒక కొలత ప్రకారం సృష్టించినవాడు ఆయనే. మనిషికి కన్నులిచ్చి చూడమన్నవాడు, బుద్ధినిచ్చి ఆలోచించమన్నవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!



ముందుగా నాకు, ఆ తరువాత మీకు దైవభీతిని ఉపదేశిస్తున్నాను. దైవభీతి అనగానే మనకు నమాజు, ఉపవాసం, జకాత్ స్ఫురిస్తాయి. అయితే చెవికీ, నాలుకకూ కూడా దైవభీతి ఉండాలి. ఈ కాలంలో వాటితోపాటు బొటనవేలికీ ఉండాలి. చెవిన పడిన మాటను తూచకుండా నమ్మడం, నమ్మిన మాటను విచారించకుండా నలుగురికీ చేరవేయడం చిన్నవిగా కనిపించే పెద్ద తప్పులు. ఈనాటి ప్రసంగం వాటిని గురించే. కాని దానిని సముద్రపు అడుగునుంచి మొదలుపెట్టవలసి వస్తున్నది. అందుకు కారణం చెబుతాను.

కొన్ని వారాల క్రితం జుమా నమాజు ముగిసిన తరువాత ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి తన ఫోనులోని సందేశాన్ని చూపించాడు. భూమి ధ్రువాలు తారుమారు కాబోతున్నాయని, ఇక సూర్యుడు పడమట ఉదయిస్తాడని, శాస్త్రజ్ఞులే దీనిని ఒప్పుకున్నారని, ఈ సందేశాన్ని పదిమందికి పంపినవారికి పుణ్యం దక్కుతుందని అందులో ఉంది. దానిని విన్న అతని నానమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదట. చేసిన అప్పులు, పడిన మాటలు, విడిచిన నమాజులు తలచుకొని ఏడుస్తూ కూర్చున్నదట. "హజ్రత్, ఇది నిజమేనా?" అని అతడు అడిగాడు. "ఎంతమందికి పంపావు?" అని నేను అడిగాను. నలభై మందికి పంపానన్నాడు. "పంపక ముందు అడగవలసిన ప్రశ్నను పంపిన తరువాత అడుగుతున్నావు నాయనా" అన్నాను. అతడు తల వంచుకున్నాడు. కాని సోదరులారా, ఆ క్షణాన నేను కూడా తల వంచుకోవలసిందే. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. తెలియదనే చెప్పాను. చదివి, తెలిసినవారిని అడిగి చెబుతానన్నాను. ఈనాడు చెబుతున్నది అదే.

సూర్యుడు పడమట ఉదయించడం ప్రళయ సూచనలలో ఒకటని మనం విశ్వసిస్తాము. అది అల్లాహ్ ఆజ్ఞతో, ఆయన నిర్ణయించిన వేళ సంభవిస్తుంది. ఆ ఘడియ ఏ ఫోనుకూ ముందుగా తెలియదు. ఇక శాస్త్రజ్ఞులు చెప్పే ధ్రువాల తారుమారు వేరొక సంగతి. అది భూమి అయస్కాంత క్షేత్రానికి సంబంధించినది. సూర్యోదయం భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కలుగుతుంది. అయస్కాంత క్షేత్రం మన పాదాల కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే ద్రవరూపపు ఇనుము కదలికల వల్ల కలుగుతుంది. ఆ క్షేత్రం తలకిందులైతే దిక్సూచి ముల్లు ఉత్తరానికి బదులు దక్షిణాన్ని చూపిస్తుంది. భూమి తిరుగుడు మాత్రం మారదు. సూర్యుడు తూర్పుననే ఉదయిస్తాడు.

ఇటువంటి తారుమారు ఇదివరకు ఎన్నోసార్లు జరిగింది. చివరిసారి జరిగి సుమారు 7,70,000 సంవత్సరాలైంది. అది ఒక రాత్రిలో జరిగే పని కాదు. వేల సంవత్సరాలు పడుతుంది. ఆ కాలంలో క్షేత్రం బలహీనపడుతుంది గాని పూర్తిగా మాయం కాదు. దాని వల్ల జీవరాశి తుడిచిపెట్టుకుపోయినట్లు భూమి పొరలలో ఆధారం లేదు. గడచిన రెండు శతాబ్దాలలో క్షేత్రం సుమారు 9 శాతం తగ్గిన మాట నిజం. అంతమాత్రాన తారుమారు ఆరంభమైందని తీర్మానించలేమని కూడా ఆ శాస్త్రమే చెబుతున్నది. సందేశం రాసినవారు మొదటి సగాన్ని తీసుకొని, రెండవ సగాన్ని విడిచి, దానికి ప్రళయాన్ని అతికించారు. సగం సత్యం ఎంతటి అసత్యం కాగలదో చూడండి!

సోదరులారా! దిక్సూచి మనకు కొత్త వస్తువు కాదు. 13వ శతాబ్దం చివరలో యెమెన్‌ను పాలించిన అల్ అష్రఫ్ ఉమర్ అనే సుల్తాను, నీటి గిన్నెలో సూదిని తేలించి ఖిబ్లా దిక్కును కనుగొనే విధానాన్ని గ్రంథస్థం చేశాడు. ఈనాటికీ ప్రయాణాలలో ముల్లును చూసి జానమాజు పరుస్తున్నాము. మన తెలుగు నేల నుంచి కాబా పడమరకు కొద్దిగా ఉత్తరం వైపున ఉంటుంది. ముల్లు చూపే ఉత్తరానికీ, నిజమైన ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా స్వల్పమే. కొన్ని దేశాలలో మాత్రం చాలా ఎక్కువ. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడాకు ఉత్తరాన గుర్తించిన అయస్కాంత ధ్రువం క్రమంగా జరుగుతూ సైబీరియా వైపు వెళ్లింది. ఒక దశలో ఏడాదికి 50 కిలోమీటర్లకు పైగా కదిలింది. ముల్లు జరుగుతుంది. ఖిబ్లా జరగదు. ముల్లు ఎంత జరిగిందో తెలుసుకొని సరిచూసుకోవడమే మన పని.

మరి లక్షల సంవత్సరాల క్రితం ముల్లు ఎటు చూపేదో ఎవరు చూశారు? మనిషి అప్పుడు రాసిపెట్టలేదు కదా! రాసిపెట్టినది రాయి.

మన ఊళ్ల పొలిమేరలలోని ఇటుకబట్టీలను తలచుకోండి. మట్టిలో ఇనుముతో కూడిన సూక్ష్మ కణాలు ఉంటాయి. బట్టీ మండి, ఇటుక చల్లారేటప్పుడు, ఆ కణాలలోని అయస్కాంతత్వం ఆనాటి భూక్షేత్రపు దిక్కున బిగుసుకుపోతుంది. అగ్నిపర్వతపు లావా చల్లారి నల్లరాయిగా మారేటప్పుడూ ఇదే జరుగుతుంది. వాటిలోని మాగ్నటైట్ అనే ఖనిజం 580 డిగ్రీల సెల్సియస్ పైన అయస్కాంతత్వాన్ని నిలుపుకోలేదు. అంతకన్నా చల్లబడితే దిక్కును పట్టుకుంటుంది. పట్టుకున్న దిక్కును యుగాల తరబడి విడవదు. 1906లో బెర్నార్డ్ బ్రూన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇటువంటి ఒక సంగతిని లోకానికి తెలిపాడు. లావా కింద కాలి ఇటుకలా మారిన బంకమట్టి, దానిపైనున్న లావారాయి, రెండూ ఈనాటి దిక్కుకు పూర్తిగా వ్యతిరేకమైన దిక్కును చూపిస్తున్నాయి. 1929లో జపానుకు చెందిన మతుయామా, వ్యతిరేక దిక్కును చూపే రాళ్లు ఒక నిర్ణీత పూర్వకాలానికి చెందినవని, ఆ కాలంలో క్షేత్రమే తలకిందులుగా ఉండి ఉంటుందని చెప్పాడు.

చాలామంది నమ్మలేదు. ఊరికే మొండికేశారని అనుకోకండి. కొన్ని రాళ్లు క్షేత్రంతో పనిలేకుండా తమంతట తామే వ్యతిరేక దిక్కును పొందగలవని కూడా తేలింది. సాక్షి చెప్పేది సత్యమా, సాక్షి స్వభావమే వంకరా అన్నది తేల్చుకోవాలి. అందుకు 1960ల ఆరంభంలో అమెరికాలో కాక్స్, డోయెల్, డాల్రింపుల్ అనే ముగ్గురు ఒక పని చేశారు. లావా రాళ్లలో పొటాషియం క్రమంగా ఆర్గాన్ వాయువుగా మారే లెక్కను బట్టి ఒక్కొక్క రాయి వయసును కొలిచారు. ఏ ఖండంలోని రాయి అయినా, ఒకే వయసు గలవి ఒకే దిక్కును చూపాయి. తప్పు రాళ్లది కాదు, తారుమారైనది క్షేత్రమే.

మన హదీసు విద్వాంసుల పద్ధతిని గుర్తు చేసుకోండి. ఒక మాట చేరినప్పుడు వారు ముందు చెప్పినవాడెవరని, అతడు ఎవరి నుంచి విన్నాడని, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిదని విచారించేవారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని అనేక పరంపరల నుంచి ఒకే వార్త వస్తే, వీరందరూ కూడబలుక్కొని అబద్ధం చెప్పడం అసాధ్యమని నిర్ధారించి, దానిని 'ముతవాతిర్' అన్నారు. రాళ్ల సాక్ష్యాన్ని ఈ శాస్త్రజ్ఞులు పరీక్షించిన తీరు ఆ న్యాయానికి దూరమైనది కాదు.

ఇప్పుడు సముద్రంలోకి వెళదాం. 1995 వరకు మన దేశపు హజ్ యాత్రికులలో కొందరు ముంబయి నుంచి ఓడలలో జిద్దాకు వెళ్లేవారు. ఆ ఓడల దారికి దక్షిణాన, హిందూ మహాసముద్రపు అడుగున ఒక పర్వతశ్రేణి ఉంది. దానిని కార్ల్స్‌బెర్గ్ శ్రేణి అంటారు. 1933, 34 సంవత్సరాలలో ఈజిప్టుకు చెందిన 'మబాహిస్' అనే నౌక ఈ సముద్రంలో తిరిగి, ధ్వనిని అడుగుకు పంపి ప్రతిధ్వని వచ్చే వేళను బట్టి లోతులు కొలిచింది. ఆ నౌక సిబ్బంది ఈజిప్షియన్లు. హుసేన్ ఫౌజీ, అబ్దుల్ ఫత్తాహ్ ముహమ్మద్ అనే ఈజిప్టు విద్వాంసులు అందులో పనిచేశారు. శ్రేణి నడుమ పొడవునా ఒక లోయ చీలినట్లు ఉన్నదని ఆ యాత్రలో తెలిసింది. అది ఎందుకున్నదో ఆనాడు ఎవరికీ అంతుపట్టలేదు.

1950లలో అమెరికా పడమటి తీరాన నౌకల వెనుక అయస్కాంతమాపకాన్ని లాగుతూ సముద్రాన్ని కొలిచారు. అడుగున బలమైన క్షేత్రం ఒక చారగా, బలహీనమైన క్షేత్రం మరొక చారగా, గళ్ల లుంగీ అంచులా వరుసగా కనిపించాయి. వాటి అర్థమూ తెలియలేదు. 1962లో హ్యారీ హెస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ఊహ చెప్పాడు. సముద్రమధ్య శ్రేణుల చీలికలో లోపలి పదార్థం పైకి వచ్చి కొత్త నేలగా మారుతుందని, పాత నేల రెండు వైపులకూ జరుగుతుందని, దూరాన అగాధాలలో తిరిగి భూగర్భంలోకి దిగిపోతుందని ఆ ఊహ. రుజువు లేదు గనుక దానిని ఆయన స్వయంగా కవిత్వంతో పోల్చుకున్నాడు.

అదే సంవత్సరం చివరలో 'ఓవెన్' అనే బ్రిటిష్ నౌక కార్ల్స్‌బెర్గ్ శ్రేణిపై కొలతలు తీసింది. వాటిని తెచ్చిన డ్రమండ్ మాథ్యూస్, ఆయన శిష్యుడు ఫ్రెడ్ వైన్, హెస్ ఊహనూ, తలకిందులయ్యే క్షేత్రాన్నీ ఒకచోట చేర్చి చూశారు. చీలికలోంచి వచ్చిన లావా చల్లారుతూ ఆనాటి దిక్కును ముద్ర వేసుకుంటుంది. తరువాత రెండుగా చీలి ఇరువైపులకూ జరుగుతుంది. క్షేత్రం తారుమారైతే తరువాత పుట్టే నేల వ్యతిరేక ముద్రతో పుడుతుంది. ఇదే నిజమైతే శ్రేణికి కుడివైపున్న చారల వరుస ఎడమవైపున కూడా అదే క్రమంలో ఉండాలి. 1963 సెప్టెంబరులో ఈ మాట అచ్చయింది.

సోదరులారా! బజారులో మోసం చేసే వ్యాపారికి రెండు చిట్టాలు ఉంటాయి. ఒకటి అధికారులకు చూపేది, రెండవది తాను చూసుకునేది. ఆ రెండూ ఎన్నడూ కలవవు. సముద్రగర్భానికి కూడా రెండు చిట్టాలు ఉన్నాయి, కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి. అవి కలుస్తాయా లేదా అన్నదే ఇక పరీక్ష. న్యూయార్క్ సమీపంలోని లామాంట్ పరిశోధనాలయంలో పలువురు శాస్త్రజ్ఞులు అవి కలవవనే భావించారు. జేమ్స్ హైర్ట్జ్‌లర్ అనే పరిశోధకుడు ఈ వాదాన్ని అంగీకరించక పత్రాలు కూడా రాశాడు. 1965లో వారి కోసం 'ఎల్టానిన్' అనే నౌక దక్షిణ పసిఫిక్‌లో కొలతలు తెచ్చింది. వాల్టర్ పిట్‌మన్ అనే విద్యార్థి వాటిని గీశాడు. ఆ కాగితాన్ని నడుమకు మడిచి దీపానికి ఎదురుగా పట్టుకుంటే కుడి గీత ఎడమ గీతపై సరిపోయేటంతగా ఉన్నది. చారల వెడల్పు భూమి మీది లావారాళ్ల కాలక్రమంతో కూడా సరిపోయింది. ఒక్కొక్క వైపు ఏడాదికి సుమారు 4.5 సెంటీమీటర్ల చొప్పున నేల జరిగిందని లెక్క తేలింది.

ఇప్పుడు వారేం చేశారు? ఆ కాగితాన్ని బీరువాలో దాచలేదు. మేము వ్యతిరేకించిన మాటే నిజమని 1966లో పిట్‌మన్, హైర్ట్జ్‌లర్ ఇద్దరి పేర్లతో ప్రకటించారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పడమంటే ఇదే. మనం మసీదులో కూర్చొని నేర్చుకునే ఈ గుణం నౌక మీద ఉప్పునీటి మధ్య పనిచేసినవారిలో కనిపించింది. ఎక్కడ కనిపించినా మంచి గుణాన్ని మంచి గుణమనే అనాలి.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా చూసే చూపును ప్రసాదించుగాక! నా కోసం, మీ కోసం, సమస్త విశ్వాసుల కోసం ఆయన క్షమాపణను అర్థిస్తున్నాను.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి కలుగుగాక!

సోదరులారా! ఈ కథలో మిగిలిన భాగం అంత సంతోషకరమైనది కాదు. అయినా మనకు ఎక్కువగా అవసరమైనది అదే.

వైన్, మాథ్యూస్ చెప్పిన మాటనే, వారికన్నా ముందు, 1963 ఆరంభంలో, లారెన్స్ మోర్లీ అనే కెనడా శాస్త్రజ్ఞుడు రాసి ఒక ప్రసిద్ధ పత్రికకు పంపాడు. వారు స్థలం లేదని తిప్పి పంపారు. మరొక పత్రికకు పంపాడు. విందులలో ముచ్చటించుకోవడానికి బాగుంటుంది గాని అచ్చువేయదగినది కాదన్న అభిప్రాయంతో అక్కడినుంచీ తిరిగి వచ్చింది. మాట తప్పని ఎవరూ నిరూపించలేదు. మాటను తూచనేలేదు.

అంతకు పదేళ్ల ముందు మేరీ థార్ప్ అనే మహిళ లామాంట్‌లోనే సముద్రగర్భపు పటాలు గీసేది. ఆ రోజులలో స్త్రీలను పరిశోధన నౌకలలోకి రానిచ్చేవారు కాదు. పురుషులు నౌకలపై తెచ్చిన లోతుల లెక్కలను ఆమె బల్ల ముందు కూర్చొని ఒక్కొక్కటిగా పటంలోకి ఎక్కించేది. అట్లాంటిక్ నడుమనున్న శ్రేణి వెంట పొడవునా ఒక చీలిక లోయ ఉన్నదని ఆమె గుర్తించింది. సహచరుడు బ్రూస్ హీజెన్‌కు చెబితే ఆడపిల్లల కబుర్లని కొట్టివేశాడు. తరువాత అదే గదిలో భూకంపాలు పుట్టిన చోట్లను మరొక పటంపై గుర్తిస్తే, అవి సరిగ్గా ఆమె గీసిన లోయ వెంటనే వరుసగా పడ్డాయి. అప్పుడు ఆయన ఒప్పుకోక తప్పలేదు. ఆమె గీతలో మొదటి రోజున ఎంత సత్యం ఉన్నదో, ఆయన ఒప్పుకున్న రోజున కూడా అంతే సత్యం ఉన్నది. మారినది వినేవాని చెవి మాత్రమే.

ఈ కథ చదువుతున్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మీ ముందు చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, మరొక ఊరిలో, ఒక కుటుంబం ఆస్తి తగవును నా ముందుకు తెచ్చింది. అన్నగారు పెద్దమనిషి, ప్రతి నమాజులో మొదటి వరుసలో నిలిచేవాడు. చెల్లెలికి పెళ్లినాడే ఆమె వాటా ఇచ్చేశామని, ఆమె దానిని ఒప్పుకొని మిగిలినది వదులుకున్నదని చెప్పాడు. చెల్లెలు తలుపు చాటునుంచి, లేదండీ, నాకేమీ ముట్టలేదు అన్నది. నేను ఆమెను మళ్లీ అడగలేదు. కాగితాలు చూపమని అన్నను కూడా అడగలేదు. ఆయన గడ్డాన్నీ, వరుసలోని స్థానాన్నీ చూసి ఆయన మాటే ఖాయమన్నాను. రెండేళ్ల తరువాత వారి తల్లి మరణించింది. ఆమె పెట్టెలో భర్త చేతి రాతతో ఒక కాగితం దొరికింది. చెల్లెలి వాటా ఇంకా అన్న దగ్గరే ఉన్నదని అందులో స్పష్టంగా ఉంది. అన్న సిగ్గుపడి ఆమె వాటాను ఇచ్చివేశాడు. అల్లాహ్ అతనిని క్షమించుగాక. నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. "మీరు నా మాట నమ్మనందుకు బాధ లేదు హజ్రత్, రెండోసారి అడగలేదని బాధ" అన్నది. ఆ మాట ఈనాటికీ నా గుండెలో ఉంది.

సోదరులారా! రాయి మాట వినడానికి సముద్రం అడుగుకు వెళ్లిన మనుషులున్నారు. మన ఇంటిలోనే ఉన్న తోబుట్టువు మాట వినడానికి మనం గడప దాటి రెండడుగులు వేయలేమా? మాటను తూచండి, మనిషిని కాదు. మొదటి వరుసలోనివాడి మాటకు కూడా ఆధారం అడగండి. చివరి వరుసలోని కూలివాని మాటను, ఇంటిలోని చిన్నపిల్ల మాటను, మన మతం కానివాని మాటను కూడా ఆధారంతోనే పరీక్షించండి. న్యాయానికి రెండు త్రాసులు ఉండవు.

మరొక మాట యువకులకు. శాస్త్రం ఒక కొత్త సంగతి కనుగొన్నప్పుడల్లా, ఇది మా గ్రంథంలో ముందే ఉన్నదని తొందరపడి ప్రచారం చేయకండి. పద్యాన్నో, వాక్యాన్నో వంచి ఈనాటి లెక్కకు అతికిస్తే, రేపు లెక్క సవరణ పొందినప్పుడు గ్రంథానికే అగౌరవం తెచ్చినవారమవుతాము. సృష్టిని పరిశీలించమని మనకు ఆజ్ఞ ఉంది. పరిశీలించకుండానే ఫలితాన్ని సొంతం చేసుకోమని ఎక్కడా లేదు. అల్ బిరూనీని చూడండి. వెయ్యేళ్ల క్రితం గజనీ నగరానికి ఖిబ్లా దిక్కును లెక్కకట్టడం కోసం ఊళ్ల మధ్య దూరాలను, అక్షాంశాలను శ్రమకోర్చి కొలిచి ఒక మహాగ్రంథమే రాశాడు. మన దేశానికి వచ్చి, కొండల దగ్గర పెద్దవిగా, దూరం వెళ్లినకొద్దీ చిన్నవిగా మారే నదీశిలలను, సముద్రతీరాన ఇసుకను గమనించి, ఉత్తర భారతపు మైదానం ఒకప్పుడు సముద్రమని, నదుల ఒండ్రుతో పూడిందని అనుమానించాడు. ఆయన భక్తి ఆయనను కొలతనుంచి తప్పించలేదు. కొలతకు పురికొల్పింది.

సముద్రగర్భపు సాక్ష్యం ఆ తరువాత మరింత బలపడింది. 1968, 69లలో 'గ్లోమార్ చాలెంజర్' నౌక దక్షిణ అట్లాంటిక్‌లో అడుగును తొలిచి చూసింది. శ్రేణికి దగ్గర నేల చిన్న వయసుది. దూరం వెళ్లినకొద్దీ వయసు క్రమంగా పెరిగింది. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. సముద్రపు నేలలో మాత్రం సుమారు 18 కోట్ల ఏళ్లకు మించిన వయసు గలది దాదాపుగా దొరకదు. పాతది లోపలికి దిగిపోతూ, కొత్తది పుడుతూ ఉంటుంది. ఉమ్రా కోసం జిద్దాలో దిగినవారు చూసిన ఎర్రసముద్రం కూడా ఇలా పుడుతున్న సముద్రమే. అరేబియా నేల, ఆఫ్రికా నేల విడిపోతుండగా దాని నడుమ ఇటువంటి చారలే ఏర్పడుతున్నాయి. ఆ సముద్రం ఏడాదికి ఒక సెంటీమీటరుకు కొంచెం అటూ ఇటుగా వెడల్పవుతున్నది. ఈ ఉదయం స్నానానికి ముందు మీరు కత్తిరించుకున్న గోళ్లు ఏడాదికి అంతకన్నా ఎక్కువే పెరుగుతాయి. అంత నెమ్మదిగా సముద్రం పుడుతుంది. దానికి ఆత్రం లేదు. సందేశాన్ని వెంటనే పంపాలన్న ఆత్రమంతా మనకే.

తీర్పుదినాన మన చిట్టా మన ముందు తెరవబడుతుందని మనం నమ్ముతాము. మన చేతులు, మన నాలుకలు సాక్ష్యం చెబుతాయని నమ్ముతాము. మూగదైన రాయి తాను చల్లారిన క్షణాన్ని లక్షల ఏళ్లు దాచి, అడిగినవానికి ఉన్నదున్నట్లు చెప్పగలిగినప్పుడు, మన చేతులు మాట్లాడతాయనడంలో ఆశ్చర్యపడవలసినది ఏమున్నది? ఆశ్చర్యపడవలసినది, అది నమ్ముతూ కూడా విచారించని మాటను మనం ఇతరులకు పంపగలగడం.

మొదట చెప్పిన యువకుని సంగతి ముగించి దిగుతాను. సంగతి వివరించిన రోజున అతడు ఆ నలభై మందికీ మళ్లీ రాశాడు. తాను పంపినది తప్పని, విచారించకుండా పంపానని, క్షమించమని రాశాడు. కొందరు నవ్వారట. ఒకరు కోప్పడ్డారట. ముగ్గురు మాత్రం, మా అమ్మ భయపడుతున్నది, ఇప్పుడే చదివి వినిపిస్తామని జవాబిచ్చారట. ఇక అతని నానమ్మ. ప్రళయం ఇప్పుడే రావడం లేదని తెలిసిన తరువాత కూడా ఆమె ఆ రెండు రాత్రులలో తలచుకున్న అప్పులలో ఒకదానిని మనుమని చేత తీర్పించింది. భయం పోయినా పశ్చాత్తాపం నిలిచింది. దైవభీతి అంటే అది.

రండి, చేతులెత్తి ప్రార్థిద్దాం.

ఓ అల్లాహ్! విన్న ప్రతి మాటనూ చెప్పేవారిలో మమ్మల్ని చేర్చకు. తెలియనిదానిని తెలియదని చెప్పే ధైర్యాన్ని ప్రసాదించు. మా తప్పును మేమే ఒప్పుకొనే శక్తిని ప్రసాదించు. బలహీనుల మాటను రెండవసారి అడిగి తెలుసుకొనే సహనాన్ని మా పెద్దలకు ప్రసాదించు. మా ఆడబిడ్డల హక్కులు వారికి చేర్చేవారిగా మమ్మల్ని తీర్చిదిద్దు. నీ సృష్టిని చదివే మా పిల్లల చదువులో శుభం కలిగించు. మా కుడి చిట్టా, ఎడమ చిట్టా ఒకే మాట చెప్పేలా మా లోపలినీ వెలుపలినీ ఒకటి చెయ్యి. ఆమీన్.

సోదరులారా, నమాజుకు లేవండి. వరుసలు సరిచేసుకోండి. అల్లాహ్ మీపై దయ చూపుగాక.